నిద్ర జబ్బులు, వాటి చికిత్స: హైదరాబాద్‌వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

నిద్ర సరిగా లేదని డాక్టరు దగ్గరకు వెళ్లేవాళ్లకంటే మందుల షాపుకు వెళ్లేవాళ్లే మన ఊళ్లో ఎక్కువ. నిద్ర జబ్బులు చాలా రకాలు. ఒకదానికి పనికొచ్చే మాత్ర ఇంకొకదానిలో ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే ముందు మీది ఏ జబ్బో తేలాలి, మందు సంగతి తర్వాత. స్లీప్ క్లినిక్‌లో పేషెంట్లు, వాళ్లతో వచ్చిన ఇంటివాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

నాకు నిజంగా నిద్ర జబ్బు ఉందా, లేక పడుకునే టైమే చాలడం లేదా?

ముందు ఈ లెక్క తేల్చుకోండి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూసి, పొద్దున 6కే లేచి పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దేవాళ్లకు పగలు తూగు రావడం జబ్బు కాదు, బాకీ. వరసగా వారం పది రోజులు వేళకు పడుకుని చూడండి. దానితో ఒళ్లు తేలికపడితే మీకు డాక్టరుతో పని లేదు.

8 గంటలు మంచం మీదే ఉన్నా పొద్దున తలనొప్పితో లేస్తున్నారా? మియాపూర్‌లో మెట్రో ఎక్కి, దిగాల్సిన స్టేషన్ దాటిపోయేదాకా నిద్రపోతున్నారా? రెడ్ సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీదే కళ్లు మూతలు పడుతున్నాయా? అయితే పరీక్ష చేయించుకోవాలి. పగటి తూగును కొలవడానికి ఎప్‌వర్త్ స్కేల్ అని 8 ప్రశ్నల పట్టిక ఉంది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అన్నదానికి మీరే మార్కులు వేసుకోవాలి. మొత్తం 24. పది దాటితే తూగు మామూలుకన్నా ఎక్కువని అర్థం.

మా ఆయన గురక పక్క గదిలోకి వినిపిస్తుంది. గురక పెడితే గాఢంగా నిద్రపోతున్నట్టే కదా?

కాదండీ. మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ ఇది. పడుకోగానే గురకపెట్టే మనిషిని కుంభకర్ణుడని ఏడిపిస్తాం. చాలాసార్లు ఆ ఇంట్లో నిద్ర అందనిది ఆయనకే.

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. గొంతు దారి ముందే ఇరుకుగా ఉన్నవాళ్లకు అది పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట గాలి కోసం ఎగిసిపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి, ఒక్క క్షణం మెలకువ తెప్పించి గొంతు తెరుస్తుంది. పెద్ద శబ్దంతో ఊపిరి లోపలికి వస్తుంది, మళ్లీ నిద్ర పడుతుంది. ఇలా రాత్రికి వందలసార్లు జరిగినా ఆ మనిషికి పొద్దున ఒక్కటీ గుర్తుండదు. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అంటారు.

కాబట్టి మీరు వినాల్సింది గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని. గురక ఉన్నట్టుండి ఆగి, కొన్ని సెకన్ల తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు మళ్లీ మొదలైతే, దాన్ని ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీయండి. పక్కన పడుకునే మనిషి చెప్పే మాటకు డాక్టరు దగ్గర ఎంత విలువ ఉంటుందో చాలామందికి తెలియదు.

లావుగా ఉన్నవాళ్లకు, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటినవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు, 50 ఏళ్లు పైబడినవాళ్లకు ముప్పు ఎక్కువ. మనలాంటి ఆసియా దేశాలవాళ్లకు దవడల తీరువల్ల మరీ లావు లేకపోయినా రావచ్చు. మందులు మూడు రకాలు వాడుతున్నా బీపీ దిగనివాళ్లు అప్నియా పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేచేవాళ్లు షుగరో, ప్రోస్టేటో అనుకుని ఆగిపోతారు. అది అప్నియా వల్ల కూడా జరుగుతుంది.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. నెలసరి ఆగిపోయిన తర్వాత వాళ్లకూ ఈ ముప్పు పెరుగుతుంది. కానీ వాళ్లు గురక గురించి చెప్పుకోరు, నీరసం, తలనొప్పి, నిద్ర పట్టడం లేదు అంటారు. దాంతో థైరాయిడ్ పరీక్ష, రక్తహీనత మాత్రలు, చివరికి నిద్రమాత్రలు, అంతటితో కథ ముగిసిపోతుంది. థైరాయిడ్ తక్కువైనా అప్నియా రావచ్చు కాబట్టి ఆ పరీక్ష చేయించడం సరైనదే. నిద్రను కూడా పరీక్షించకపోవడమే అన్యాయం.

స్లీప్ స్టడీలో ఏం చేస్తారు? ఒంటినిండా వైర్లు పెడితే నిద్రెలా పడుతుంది?

ఇది రాత్రంతా పడుకోబెట్టి నిద్రను కొలిచే పరీక్ష. రాత్రి 9 గంటల ప్రాంతంలో రమ్మంటారు. తలకు నూనె పెట్టుకోకుండా, తలస్నానం చేసి వెళ్లండి. టెక్నీషియన్ మీ జుట్టును పాయలుగా తీసి, పేస్టు రాసి, చిన్న ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. కళ్ల పక్కన రెండు, గడ్డం మీద ఒకటి రెండు, కాళ్లకు, గుండెకు కొన్ని. ఛాతీకి ఒక బెల్టు, పొట్టకు ఇంకొకటి. ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు. ఎక్కడా సూది గుచ్చరు. మీరు పక్కకు తిరిగి పడుకోవచ్చు, బాత్రూంకు వెళ్లాలంటే పిలిస్తే చాలు, వైర్ల కట్ట ఒక్కసారిగా తీసి ఇస్తారు.

అవతలి గదిలో స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చెబుతాను. అప్నియా వచ్చినప్పుడు ముక్కు గాలి గీత తిన్నగా, సాపుగా అయిపోతుంది. దాని కింద ఛాతీ, పొట్ట గీతలు మాత్రం ఇంకా ఇంకా పెద్దగా ఎగసిపడుతుంటాయి, అదీ ఒకటి పైకి లేస్తే ఒకటి కిందికి. 95 దగ్గరున్న ఆక్సిజన్ కాస్త ఆలస్యంగా జారడం మొదలై 90, 86, ఒక్కొక్కరికి 80 కన్నా కిందికి దిగుతుంది. ఇంతలో మెదడు గీత చెదురుతుంది, గది మైకులో పెద్ద గురక వినిపిస్తుంది, అన్ని గీతలూ సర్దుకుంటాయి. నిమిషం తిరక్కుండానే మళ్లీ అదే. భర్తకు తోడుగా వచ్చిన ఇల్లాలికి మర్నాడు ఆ గీతలు చూపిస్తే, ఇన్నేళ్లుగా చెవులు మూసుకుని పడుకున్నది దీని పక్కనా అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

ఊపిరి 10 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ ఆగితే ఒకటిగా లెక్క. ఊపిరి బాగా తగ్గిన సందర్భాలనూ కలిపి గంటకు సగటు తీస్తారు. 5 లోపు మామూలే. 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

నిద్ర రాదేమోనని భయపడకండి. ఇంట్లో పట్టినంత హాయిగా పట్టదు కానీ, రోగం తేల్చడానికి సరిపడా నిద్ర చాలామందికి పడుతుంది. లక్షణాలన్నీ అప్నియావైపే చూపిస్తూ, గుండె, ఊపిరితిత్తుల పెద్ద జబ్బులేవీ లేకపోతే ఇంట్లోనే చిన్న పరికరంతో చేసే పరీక్ష కూడా ఉంది.

సీప్యాప్ పెట్టుకుంటే జీవితాంతం పెట్టుకోవాల్సిందేనా?

అప్నియాకు వాడే సీప్యాప్ మెషీన్‌ను 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సలివాన్ లోకానికి పరిచయం చేశారు. ముక్కుకు మాస్కు పెట్టి, మెషీన్ గాలిని కొంచెం ఒత్తిడితో పంపుతుంది, గొంతు మూసుకోకుండా ఉంటుంది. అది ఆక్సిజన్ సిలిండర్ కాదు, మందు ఎక్కించేదీ కాదు. వాడినన్నాళ్లు పనిచేస్తుంది, ఆపితే జబ్బు తిరిగొస్తుంది, కళ్లజోడులాగే. బరువు బాగా తగ్గినవాళ్లలో కొందరికి మెషీన్ అవసరం పోతుంది. కానీ మళ్లీ స్లీప్ స్టడీ చేసి నిర్ధారించుకున్నాకే ఆపాలి.

మెషీన్‌ను అటక మీద పెట్టేసేవాళ్లలో ఎక్కువమంది మాస్కు సైజు కుదరక మానేసినవాళ్లే. కొనేముందు అద్దెకు తీసుకుని చూడండి, రెండు మూడు రకాల మాస్కులు పెట్టి చూపించమని అడగండి. మొదటి వారం సాయంత్రం టీవీ చూస్తూ మెలకువగా ఉన్నప్పుడే గంటసేపు పెట్టుకుంటే భయం పోతుంది. తేమ గిన్నెలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోరు నీళ్లు పోస్తే రోజుల్లోనే తెల్లటి పొర కడుతుంది. కరెంటు పోతే మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తుంది.

వేరే దారులూ ఉన్నాయి. స్వల్పంగా ఉన్నవాళ్లకు పక్కకు తిరిగి పడుకోవడం, కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ల పరికరం పనిచేయవచ్చు. బరువులో పదో వంతు తగ్గినా ఊపిరి ఆగడాలు చెప్పుకోదగినంత తగ్గుతాయి. టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కు ఊబకాయంతో కూడిన అప్నియా కోసం అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతి ఇచ్చారు. అది డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సిన మందు, జిమ్‌లో స్నేహితుడు చెప్పాడని తీసుకునేది కాదు. మద్యం తాగితే మాత్రం ఆ రాత్రి గొంతు ఇంకా ఎక్కువ మూసుకుంటుంది.

చికిత్స మొదలై తూగు తగ్గేదాకా రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు, విజయవాడ హైవే ఎక్కకండి. స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి. దీనిలో మొహమాటానికి చోటు లేదు.

రాత్రి 2 అయినా నిద్ర పట్టదు. నిద్రమాత్ర వేసుకోవచ్చా?

వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలు లేదా అంతకన్నా ఎక్కువగా ఇలా ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దీనికి మొదటి చికిత్స మాత్ర కాదు, నిద్ర అలవాట్లను, ఆలోచనలను మార్చే సీబీటీ-ఐ అనే పద్ధతి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో పెద్దలందరికీ ముందుగా ఇదే ఇవ్వాలని సూచించింది. ఇది ఊరడింపు మాటల కౌన్సెలింగ్ అనుకోకండి. కాగితం, పెన్ను, అలారం పట్టుకుని చేసే కష్టమైన పని.

ఒక ఉదాహరణ. మీరు రాత్రి 10కి మంచమెక్కి పొద్దున 6:30కి దిగుతున్నారు, అందులో నిద్ర 5 గంటలే. మిగతా మూడున్నర గంటలు దొర్లుతూ, గడియారం చూస్తూ, రేపటి మీటింగు గురించి దిగులుపడుతూ గడుస్తున్నాయి. కొన్ని నెలలకు మంచం చూస్తేనే మెదడు మేలుకోవడం నేర్చుకుంటుంది. సోఫాలో కునుకొచ్చి, మంచం మీదకు రాగానే ఎగిరిపోయేది అందుకే. చికిత్సలో ఏం చేస్తారంటే, మంచం మీద ఉండే సమయాన్నే కుదిస్తారు. 12:30కి పడుకుని 6 గంటలకు ఖచ్చితంగా లేవాలి, ఆదివారమైనా సరే. పగలు పడుకోకూడదు. మంచం మీద ఇరవై నిమిషాలకు పైగా మెలకువగా ఉన్నారనిపిస్తే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి, నిద్ర తూలినప్పుడే తిరిగి వెళ్లాలి. మంచం మీదున్న సమయంలో నూటికి 85 వంతులు నిద్రలో గడవడం మొదలయ్యాక, వారానికి 15 నిమిషాల చొప్పున పెంచుతూ పోతారు.

మొదటి రెండు వారాలు నరకంగా ఉంటాయి, ముందే చెబుతున్నాను. మధ్యలో వదిలేసేవాళ్లు ఇక్కడే వదిలేస్తారు. నిలబడ్డవాళ్లకు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వచ్చే మేలు మాత్రలిచ్చే మేలుకంటే ఎక్కువకాలం నిలుస్తుంది. ఫిట్స్, బైపోలార్ ఉన్నవాళ్లు, బండి నడపడమే వృత్తిగా ఉన్నవాళ్లు సొంతంగా చేయకూడదు, డాక్టరుతోనే చేయాలి.

తీరని దిగులు, ఏ పని మీదా మనసు లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం కలిసి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మా అమ్మ ఏళ్లుగా అల్ప్రాజోలం వేసుకుంటోంది. ఆపేయమని చెప్పాలా?

ఒక్కసారిగా ఆపించకండి. ఇది చాలా ముఖ్యం. శరీరం అలవాటుపడిన తర్వాత అల్ప్రాజోలం హఠాత్తుగా ఆపితే వణుకు, ఆందోళన, భ్రమలు, ఫిట్స్ దాకా రావచ్చు.

తెలంగాణలో ఇది కళ్లారా చూసిన సంగతే. కల్తీ కల్లులో కలిపేది ఎక్కువగా ఇదే అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు, మద్యం దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తారు. నిద్ర లేక, చేతులు వణుకుతూ, ఎవరో పిలుస్తున్నారని మాట్లాడుతూ వచ్చారు. ఆ మందు అలవాటు మనిషిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఆ వరసల్లో కనిపించింది.

అల్ప్రాజోలం, జోల్పిడెం మన దేశంలో షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్‌లో రాయాలి. తెలిసిన షాపువాడు ఇస్తున్నాడంటే అది సాయం కాదు. ముసలివాళ్లకు వీటివల్ల మతిమరుపు, రాత్రి బాత్రూంకు వెళ్తూ పడి తుంటి విరగడం సాధారణం. అప్నియా ఉన్నవాళ్లకు ఊపిరి ఆగే వ్యవధిని ఇవి పెంచగలవు. సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్తే వారాలు, నెలల మీద మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. అమ్మను కోప్పడొద్దు. ఆ మాత్ర ఆమె కోరి తెచ్చుకున్నది కాదు, ఎవరో ఒకప్పుడు రాసిచ్చి ఆపడం మర్చిపోయినది.

మెలటోనిన్ మంచిదేనా?

శరీర గడియారం పక్కకు జరిగినవాళ్లకు, అంటే విమాన ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు, మరీ ఆలస్యంగా నిద్రపట్టే కుర్రాళ్లకు ఉపయోగం ఉంది. మామూలు నిద్రలేమికి దాని ప్రభావం చిన్నదే. మోతాదు పెంచితే పని పెరగదు. గర్భిణులు, పిల్లలు డాక్టరును అడక్కుండా వాడకూడదు.

నాది అమెరికా షిఫ్టు. తెల్లవారుజామున ఇంటికొస్తాను. నాకు నిద్ర కుదిరే మార్గముందా?

ఉంది, ఇంటివాళ్లు కలిసి వస్తే. గచ్చిబౌలి, మాదాపూర్‌లలో ఇలా పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు, పగలు పడుకునేవాళ్లను సోమరులుగా చూసే ఇళ్లూ అన్నే ఉన్నాయి. మన ఒంట్లో కణకణానికీ ఓ గడియారం ఉంటుంది, వెలుతురును బట్టి నడుస్తుంది. దాని యంత్రాంగాన్ని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. క్యాబ్‌లో ఇంటికి వస్తున్నప్పుడు కళ్లలో పడే ఉదయపు ఎండ ఆ గడియారానికి 'లే' అని చెబుతుంది. కాబట్టి తెల్లవారాక బయల్దేరేవాళ్లు నల్లద్దాలు పెట్టుకోండి, పడకగదికి మందపాటి కర్టెన్లు వేయండి. చాయ్, కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే ముగించండి.

పగటి నిద్రకు పెద్ద శత్రువు శబ్దం. కుక్కర్ విజిల్, డోర్‌బెల్, పాత ఇనుప సామాన్లు కొంటామని మైకులో అరిచే ఆటో. ఇయర్‌ప్లగ్‌లు, ఫ్యాను హోరు కొంత కాస్తాయి. వారాంతంలో పూర్తిగా రాత్రి నిద్రకు మారిపోకుండా, రోజూ ఉమ్మడిగా ఉండే మూడు నాలుగు గంటల నిద్రవేళనైనా నిలబెట్టుకోండి. షిఫ్టు దిగాక బైకు మీద ఇంటికి రావడం మానండి. వారం వారం షిఫ్టు మారుస్తుంటే ఏ చిట్కా పనిచేయదు. ఆ మాట డాక్టరు చీటీతో సహా మేనేజరుకు చెప్పాల్సిందే.

సాయంత్రం కాగానే అత్తయ్యకు కాళ్లు లాగేస్తాయి, పడుకోలేదు. నరాల బలహీనతేనా?

పడుకుంటే పీకుడు, కాళ్లు ఆడించాలనే తహతహ, లేచి నడిస్తే హాయి, రాత్రికే ఎక్కువ. ఈ నాలుగూ కలిస్తే రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ కావచ్చు. నరాల బలహీనత అని బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు చేయిస్తూ ఏళ్లు గడిపేస్తారు. ముందు చేయించాల్సింది ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో అది 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం మొదలుపెడతారు. ఐరన్ మాత్రతోపాటు చాయ్ తాగితే మాత్ర ఒంటికి పట్టదు, గంటన్నా ఎడం ఉంచండి. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో, గర్భిణుల్లో ఇది ఎక్కువ. నిద్రమత్తు తెప్పించే జలుబు మాత్రలు, కొన్ని వాంతుల మందులు దీన్ని పెంచుతాయి. ఐరన్‌తో తగ్గకపోతే ప్రీగాబలిన్ లాంటివి రాస్తారు.

నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, అరుద్దామన్నా గొంతు రానట్టు ఉంటుంది. దయ్యమా?

దయ్యం కాదు, భయపడకండి. కలలొచ్చే నిద్రలో మెదడు ఒంటి కండరాలను నిలిపేస్తుంది. ఒక్కోసారి కళ్లు ముందు తెరుచుకుంటాయి, కండరాలు ఇంకా లేవవు. కల కూడా సగం మిగిలి ఉంటుంది కాబట్టి గదిలో ఎవరో ఉన్నట్టే కనిపిస్తుంది. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. కొన్ని సెకన్లు, మహా అయితే కొద్ది నిమిషాల్లో పోతుంది, ప్రాణానికి ముప్పు లేదు. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. ఆ సమయంలో ఒక్క వేలు కదిలించే ప్రయత్నం చేయండి. తాయెత్తు కట్టించుకుంటే ధైర్యమొస్తుందంటే కట్టించుకోండి, దానితోపాటు వేళకు నిద్ర కూడా పోండి.

దీనితోపాటు పగలు ఆపుకోలేని నిద్ర, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు ఒక్కసారిగా సడలిపోవడం ఉంటే అది నార్కోలెప్సీ కావచ్చు. ఇది తరచుగా కాలేజీ వయసులో మొదలవుతుంది, పిల్లవాడికి సోమరి అన్న పేరు పడిపోతుంది. మెదడులో మెలకువను నిలిపే ఒరెక్సిన్ కణాలు నశించడమే కారణం. న్యూరాలజిస్టుకు చూపించండి, మందులున్నాయి.

మా నాన్నగారు నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసురుతున్నారు. అమ్మకు దెబ్బ తగిలింది.

పైన చెప్పిన స్లీప్ పెరాలిసిస్‌కు ఇది సరిగ్గా తిరగబడ్డ జబ్బు. కలలో ఆగాల్సిన కండరాలు ఆగవు. ఎవరో తరుముతున్నట్టు కల వస్తే నిజంగానే కొడతారు. అమ్మను వేరే మంచం మీద పడుకోబెట్టండి, నాన్నగారి మంచం పక్క నుంచి గాజు సామాన్లు, బల్ల తీసేయండి. 50 దాటినవాళ్లలో ఇది కనిపిస్తే న్యూరాలజిస్టుకు చూపించడం ఆలస్యం చేయొద్దు. వీళ్లలో చాలామందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్, దాని కోవకు చెందిన జబ్బులు వస్తాయి. అప్నియా కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు కాబట్టి స్లీప్ స్టడీ లేకుండా పేరు పెట్టకూడదు. మెలటోనిన్, క్లోనజెపాంలతో రాత్రులు అదుపులోకి వస్తాయి.

పిల్లల విషయంలో దేనికి భయపడాలి?

పడుకున్న రెండు మూడు గంటల్లోపు లేచి కెవ్వుమని ఏడ్చి, పొద్దున ఏమీ గుర్తులేదనే పిల్లల గురించి భయం అక్కర్లేదు. నిద్రలో నడవడమూ చాలామందికి వయసుతో పోతుంది. అపార్ట్‌మెంట్లలో మాత్రం బాల్కనీ తలుపుకు పైన గడియ పెట్టండి.

భయపడాల్సింది రోజూ గురకపెట్టే బిడ్డ గురించి. నోరు తెరిచి పడుకోవడం, నిద్రలో చెమటలు, ఆగిపోయిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బడిలో కుదురు లేకపోవడం. నిద్ర చాలకపోతే పెద్దవాళ్లు తూగుతారు, పిల్లలు అల్లరి చేస్తారు. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగి ఉంటే వాటి ఆపరేషన్‌తో ఎక్కువమందికి నయమవుతుంది.

ఇంకో మాట. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పైగా ఆ వయసులో శరీర గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. ఇంటర్ హాస్టళ్లలో రాత్రి 11 దాకా స్టడీ అవర్, తెల్లవారుజామునే లేపడం చదువుకు మేలు చేయదు. చదివింది మెదడులో నిలిచేది నిద్రలోనే. ఫీజు కట్టేముందు హాస్టల్ టైంటేబుల్‌లో నిద్రకు ఎన్ని గంటలిచ్చారో అడగండి.

హైదరాబాద్‌లో ఎవరికి చూపించాలి? ఏం తీసుకెళ్లాలి?

గురక, ఊపిరి ఆగడం ఉంటే ఛాతీ వైద్యులకు. ముక్కు, టాన్సిల్స్ సమస్యైతే ఈఎన్‌టీ డాక్టరుకు, కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. కాళ్ల లాగుడు, నార్కోలెప్సీ, నిద్రలో కొట్టడం న్యూరాలజీకి. నిద్రలేమి, మాత్రల అలవాటు సైకియాట్రీకి. పంజాగుట్ట నిమ్స్‌లో, గాంధీ ఆస్పత్రిలో ఛాతీ, న్యూరాలజీ విభాగాలు, ఉస్మానియాలో న్యూరాలజీ విభాగం ఉన్నాయి. ఎర్రగడ్డలో ఛాతీ ఆస్పత్రి, మానసిక చికిత్సాలయం రెండూ ఉన్నాయి. సీప్యాప్ మెషీన్ ఖర్చును చాలా ప్రైవేటు బీమా పాలసీలు ఇవ్వవు, కొనేముందే రాతపూర్వకంగా అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ కార్డు ఉన్నవాళ్లు ముందస్తు అనుమతి తీసుకోవాలి.

రెండు వారాల నిద్ర డైరీ తీసుకెళ్లండి: ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచారు, పగలు కునుకు తీశారా, చివరి చాయ్ ఎప్పుడు. వాడుతున్న మాత్రల ఖాళీ షీట్లు, గురక వీడియో, బీపీ రీడింగులు కూడా. అన్నిటికంటే ముఖ్యంగా, మీ పక్కన పడుకునే మనిషిని వెంట తీసుకెళ్లి, మీకంటే ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.